ఎనభై శాతం వస్తుంది కదా అని వేసే రోడ్డు

మా ఊరి సిటీ కౌన్సిల్ ముందు ఒక తీర్మానం ఉంది. హైవే పక్కన సగంలో ఆగిపోయిన ఫ్రంటేజ్ రోడ్డుని తర్వాతి ఎగ్జిట్ దాకా పొడిగించడానికి ఫెడరల్ గ్రాంట్ కోసం దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది విషయం. డాలస్‌కి ఉత్తరాన మాలాంటి ఊళ్లు వరసగా ఉన్నాయి, ఇలాంటి తీర్మానాలూ వరసగానే వస్తుంటాయి. అందుకని ఊరి పేరు పక్కన పెట్టి విషయమే మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడున్న రూపంలో ఈ దరఖాస్తు పెట్టకూడదు. ఆ డబ్బూ, ఆ శ్రమా వేరే చోట పెట్టాలి.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ మాట అనగానే వచ్చిన మొదటి జవాబు, "ఖర్చులో ఎనభై శాతం ఫెడరల్ వాళ్లు ఇస్తుంటే వద్దనడం ఏంటండీ?" అడిగింది మంచి మనిషి, అడిగింది న్యాయమైన ప్రశ్న. వారికి ఒక్క మెసేజ్‌లో జవాబు చెప్పలేకే ఇంత రాస్తున్నాను.

టెక్సస్ బయట ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ హైవేకి రెండు వైపులా, మెయిన్ లేన్లని ఆనుకుని, ఒకే దిశలో నడిచే రోడ్లు ఉంటాయి. ఇవే ఫ్రంటేజ్ రోడ్లు. హ్యూస్టన్‌లో ఫీడర్ అంటారు, మా వైపు సర్వీస్ రోడ్ అంటారు. హైవే దిగితే ముందు దీని మీదకే వస్తాం. షాపులు, పెట్రోల్ బంకులు, హోటళ్లు అన్నీ దీని మీదకే తెరుచుకుని ఉంటాయి. అడ్డరోడ్డు వచ్చిన ప్రతిచోటా సిగ్నల్, బ్రిడ్జి కింద యూటర్న్. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకి ఇరుపక్కల ఉన్న సర్వీస్ రోడ్లు చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో మాత్రం కాలిఫోర్నియా లాంటి చాలా రాష్ట్రాల్లో ఇవి అక్కడక్కడే కనిపిస్తాయి. టెక్సస్‌లో చాలా ఫ్రీవేలకి, అంటే మధ్యలో సిగ్నళ్లు లేని హైవేలకి, ఇవి ఉంటాయి.

ఎందుకలా అని వెతికితే సమాధానం భూమిలో ఉంది. హ్యూస్టన్‌లో గల్ఫ్ ఫ్రీవే మొదటి భాగం 1948లో తెరిచారు. అప్పటి రాష్ట్ర హైవే ఇంజనీర్ డీవిట్ గ్రీర్. పాత రోడ్డుని ఫ్రీవేగా మారిస్తే, దాని అంచున పొలం ఉన్న రైతుకి తన గేటు తీసి నేరుగా రోడ్డెక్కే హక్కు పోతుంది. ఆ హక్కుకి ప్రభుత్వం పరిహారం కట్టాలి. పక్కనే ఇంకో రోడ్డు వేసేస్తే హక్కు పోలేదు కాబట్టి పరిహారం గొడవ చాలావరకు ఉండదు. పైగా రోడ్డొస్తుందంటే భూమి ధర పెరుగుతుందని కొందరు యజమానులు స్థలం వదులుకోవడానికీ ముందుకొచ్చేవారు. భూమి చవకగా, ఊళ్లు దూరదూరంగా ఉన్న రోజుల్లో ఇది తెలివైన లెక్కే. గ్రీర్‌ని తప్పుపట్టను.

కానీ ఆ లెక్క మారి చాలాకాలమైంది. 2001లో రాష్ట్ర రవాణా కమిషనే, ఇకమీదట ప్రతి కొత్త ఫ్రీవేకీ అలవాటుగా ఫ్రంటేజ్ రోడ్లు వేయకూడదని విధానం మార్చడానికి ప్రయత్నించింది. భూయజమానుల నుంచి, ఊళ్ల నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో తర్వాత మెత్తబడింది. అంటే ఈ రోడ్ల మీద అనుమానం నాలాంటి కాలనీవాసికి కొత్తగా పుట్టింది కాదు. వేసేవాళ్లకే ఎప్పుడో వచ్చింది.

మా ఊళ్లో పొడిగించాలంటున్న ముక్క సంగతి చూడండి. దాని పక్కనున్నది ఖాళీ భూమి. ఆ భూమికి వెనకవైపు నుంచి పాత కౌంటీ రోడ్డు ఉంది, దారి లేక ఎవరూ ఇబ్బంది పడటం లేదు. అంటే 1948 నాటి కారణం ఇక్కడ లేదు. ఉన్నది ఒక్కటే, ఆ భూమి హైవే వైపు తెరుచుకుంటే రేటు పెరుగుతుంది. అది యజమానికి మంచిదే. ఊరి డబ్బు పెట్టి చేయాల్సిన పనా అన్నదే నా ప్రశ్న.

ఇక ఎనభై శాతం సంగతి. ఫెడరల్ రవాణా గ్రాంట్లలో చాలావాటికి మామూలు సూత్రం ఎనభై–ఇరవై. ఎనభై వాళ్లది, ఇరవై మనది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఎనభై శాతం దరఖాస్తులో రాసిన అంచనా మీద లెక్కగట్టింది. అంచనా పెరిగితే వాళ్ల వాటా దానంతటది పెరగదు. రాష్ట్ర రవాణా శాఖ, మనం టెక్స్‌డాట్ అంటామే, దానితో ఊరు చేసుకునే ఒప్పందంలో అదనపు ఖర్చు స్థానిక ప్రభుత్వానిదే అని సాధారణంగా రాసి ఉంటుంది.

ఊహకి ఒక లెక్క వేద్దాం. పని అంచనా రెండు కోట్ల డాలర్లు. గ్రాంట్ కోటీ అరవై లక్షలు, ఊరి వాటా నలభై లక్షలు. ఇప్పుడు టెండర్లు తెరిచేసరికి ఖర్చు 30 శాతం పెరిగి రెండు కోట్ల అరవై లక్షలైంది అనుకోండి. గ్రాంట్ అదే కోటీ అరవై. ఊరి వాటా కోటి. పని ఖర్చు 30 శాతమే పెరిగింది, ఊరి జేబులోంచి పోయేది మాత్రం రెండున్నర రెట్లయింది. 30 శాతం పెరగడం అతిశయోక్తి అనుకునేవాళ్లు ఫెడరల్ హైవే శాఖ ప్రచురించే నిర్మాణ ఖర్చుల సూచీ చూడండి. 2020 చివరి నుంచి 2023 లోపలే అది 60 శాతానికి పైగా ఎగబాకింది. దరఖాస్తు పెట్టిన రోజుకీ టెండర్ తెరిచే రోజుకీ మధ్య పర్యావరణ సమీక్ష, స్థల సేకరణ, డిజైన్, కరెంటు స్తంభాలు, నీటి పైపులు జరపడం అన్నీ ఉంటాయి. ఏళ్లు పడుతుంది. ఆ పైపుల్లో కొన్ని ఊరివే, వాటిని జరిపే ఖర్చు చాలాసార్లు గ్రాంట్ లెక్కలోకి రాదు కూడా.

గ్రాంట్ ప్రకటించడం వేరు, ఆ డబ్బు మనదవడం వేరు. ఆస్టిన్‌లో జరిగింది అందరూ తెలుసుకోవాలి. అక్కడ ఊరి నడిబొడ్డున ఐ-35 హైవేని విస్తరిస్తూ కిందికి దించుతున్నారు. దాని మీద కప్పు వేసి, దశాబ్దాలుగా విడిపోయిన తూర్పు ఆస్టిన్‌ని మళ్లీ కలపాలని సిటీ ప్రయత్నం. 2024 మార్చిలో దీనికి ఫెడరల్ ప్రభుత్వం సుమారు 10.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఫొటోలు, ప్రసంగాలు అన్నీ అయ్యాయి. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ గ్రాంట్ ఇచ్చిన పథకంలో అప్పటికి ఒప్పందాలతో కట్టుబడని నిధులన్నీ వెనక్కి తీసుకుంది. ఆస్టిన్ డబ్బు వాటిలో పోయింది. నాకు ఆ ప్రాజెక్టు నచ్చింది, అది పోవడం బాధ కలిగించింది. మంచి ప్రాజెక్టుకే అలా జరిగితే, మా ఖాళీ భూమి పక్క రోడ్డుకి వాషింగ్టన్‌లో ఎవరు నిలబడతారు? ఈలోపు ఊరు డిజైన్ మీద, సర్వేల మీద పెట్టిన ఖర్చు తిరిగి రాదు.

తొందర ఎందుకంటే, 2021 నవంబర్‌లో వచ్చిన మౌలిక వసతుల చట్టం ఐదేళ్ల కోసం రాసినది. 2026 సెప్టెంబర్ 30తో దాని గడువు. ఆ తర్వాత ఏ గ్రాంట్ ఉంటుందో ఏది పోతుందో అన్న టెన్షన్ ప్రతి సిటీ హాల్‌లోనూ ఉంటుంది. అది అర్థం చేసుకోగలను. కానీ గడువు దగ్గరపడిందని చేతికందిన పాత ప్లాన్ తీసి దుమ్ము దులిపి పంపిస్తే, మనం రోడ్డు కోసం డబ్బు వెతుకుతున్నట్టు కాదు, డబ్బు కోసం రోడ్డు వెతుకుతున్నట్టు.

రోడ్డు వేయడానికి గ్రాంట్ వస్తుంది. చూసుకోవడానికి రాదు. ఈ రోడ్లు సాధారణంగా రాష్ట్రం సొత్తే, పైపొర వేయడం లాంటి పెద్ద పనులు రాష్ట్రమే చేస్తుంది. కానీ సిటీతో ఉండే నిర్వహణ ఒప్పందాన్ని బట్టి గడ్డి కోయడం, ఊడవడం, వీధి దీపాలు, కాలిబాటలు, ఊరు పెద్దదైతే సిగ్నళ్లు కూడా ఊరి నెత్తినే పడతాయి. వాటితోపాటు కొత్తగా వచ్చిన భవనాలకి నీళ్లు, మురుగు పైపులు, పోలీసు గస్తీ, ఫైర్ ఇంజన్. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటారు. ఆ రోడ్డు మీద రోజుకి వంద కార్లు తిరిగినా పదివేలు తిరిగినా ఈ ఖర్చుల్లో చాలావరకు తగ్గవు. 2019 నుంచి టెక్సస్‌లో ఒక చట్టం ఉంది. ఇప్పటికే ఉన్న ఆస్తుల మీద సిటీ రోజువారీ నిర్వహణకి వసూలు చేసే ఆస్తి పన్ను ఆదాయం ఏడాదికి 3.5 శాతం దాటి పెరగాలంటే సాధారణంగా ఎన్నిక పెట్టి ఓటర్ల అనుమతి తీసుకోవాలి. ఆదాయానికి పైకప్పు ఉన్నప్పుడు కొత్త నిర్వహణ భారం తలకెత్తుకుంటే, పాత వీధుల గుంతలు పూడ్చే డబ్బే అటు పోతుంది. మా వీధిలో కాంక్రీటు పలకలు పైకి లేచి ఉన్నాయి, వాటి వంతు ఎప్పుడొస్తుందో అడిగితే జాబితాలో ఉందంటారు.

"షాపులొస్తాయి, సేల్స్ టాక్స్ వస్తుంది, దాంతో నెట్టుకొస్తాం" అని కౌన్సిల్‌లో అంటున్నారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. టెక్సస్‌లో సేల్స్ టాక్స్ గరిష్ఠంగా 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన రెండులోనే ఊరి వాటా. సరే. హైవే పక్క ఖాళీ స్థలంలో మామూలుగా ముందు ఏమొస్తాయి? పెట్రోల్ బంకు, కార్ల షోరూమ్. పెట్రోల్ మీద సేల్స్ టాక్స్ లేదు. గ్యాలన్‌కి రాష్ట్రానికి 20 సెంట్లు, ఫెడరల్‌కి 18.4 సెంట్లు, ఊరికి సున్నా. కారు కొంటే 6.25 శాతం మోటార్ వాహన పన్ను కడతాం, అది మొత్తం రాష్ట్రానికే, దాని మీద స్థానిక సేల్స్ టాక్స్ ఉండదు. అంటే ఫ్రంటేజ్ రోడ్డు మీద కనిపించే రెండు పెద్ద వ్యాపారాలూ అమ్మే అసలు సరుకు మీద ఊరికి ఒక్క సెంటు సేల్స్ టాక్స్ రాదు. ఆస్తి పన్ను వస్తుంది, బంకులో కొన్న చిప్స్, కూల్‌డ్రింకుల మీద కాస్త వస్తుంది. ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు కౌన్సిల్ పవర్‌పాయింట్‌లోని "ఆర్థికాభివృద్ధి" అన్న స్లైడ్ మీద నమ్మకం పోయింది.

రెస్టారెంట్లు, పెద్ద దుకాణాలు వస్తే పన్ను వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అవి కొత్తగా పుట్టే వ్యాపారాలా, ఊరి లోపల మెయిన్ స్ట్రీట్ నుంచి లేచి హైవే పక్కకి వచ్చేవా? చాలా ఊళ్లలో జరిగేది రెండోదే. లోపల షట్టర్లు పడతాయి, బయట కొత్త బోర్డులు వెలుగుతాయి. మొత్తం చూస్తే ఊరికి మిగిలేది పెద్దగా ఉండదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకోటి ఉంది. కారు నడపని మనిషి. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, ఆరు నెలలుంటారు. కారు నడపరు. పొద్దున కాలనీలో నాలుగు చుట్లు తిరుగుతారు. తర్వాత పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే. మా మేడ మీద కిటికీలోంచి హైవే అవతల ఇండియన్ గ్రోసరీ బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది. "ఇంత దగ్గర్లో కనబడుతోంది, నడిచి వెళ్లడానికి దారి లేదేంట్రా?" అని మా అమ్మ అడిగేది. దారి ఉంది. ఫ్రంటేజ్ రోడ్డు అంచున గడ్డిలో నడిచి, ర్యాంప్ దిగే కార్లని తప్పించుకుని, బ్రిడ్జి కింద రెండు సిగ్నళ్లు దాటి, మళ్లీ అవతలి ఫ్రంటేజ్ రోడ్డు అంచున గడ్డిలో నడవాలి. అమ్మని ఒంటరిగా పంపలేదు. ఒక్క కొత్తిమీర కట్ట కోసం, ఒక పెరుగు డబ్బా కోసం ఆవిడ నా ఖాళీ చూసి అడగాల్సి వచ్చేది. ఇండియాలో మా ఊళ్లో సొంతంగా బజారుకెళ్లి బేరమాడి కూరగాయలు తెచ్చుకునే మనిషి.

అయినా ఆ గడ్డి అంచున నడిచేవాళ్లు ఉన్నారు. బేస్‌బాల్ టోపీ పెట్టుకుని, చేతిలో కవరు పట్టుకుని నడిచే పెద్దాయనలు, ఫాస్ట్‌ఫుడ్ షాపులో షిఫ్టు దిగి ఇంటికెళ్లే కుర్రాళ్లు. ఇక్కడ చట్టం ప్రకారం ఫ్రంటేజ్ రోడ్డు మీద వెళ్లేవాడు, హైవే దిగి వచ్చేవాడికి దారి ఇవ్వాలి. దిగేవాడు హైవే వేగం ఇంకా పూర్తిగా తగ్గించకుండానే వస్తాడు, రెండు లేన్లు అడ్డంగా కోసుకుంటూ షాపు గేటు వైపు తిరుగుతాడు. వాడి కళ్లు వెనక కారు మీద, ముందు గేటు మీద. పక్కన గడ్డిలో మనిషి ఉన్నాడన్న ఆలోచనే రాదు. ఇలాంటి రోడ్ల మీద గంటకి 45 మైళ్ల బోర్డు మామూలు. ఏఏఏ అనే వాహనదారుల సంఘం ఫౌండేషన్ 2011లో వేసిన లెక్క ప్రకారం కారు గంటకి 23 మైళ్ల వేగంతో తగిలితే నడిచే మనిషి చనిపోయే అవకాశం సగటున పది శాతం, 42 మైళ్ల దగ్గర యాభై శాతం, 50 మైళ్ల దగ్గర డెబ్భై ఐదు. ఆ పెద్దాయనల వయసుకి ఈ అంకెలు ఇంకా ఎక్కువే. 2000 నవంబర్ 7 తర్వాత టెక్సస్ రోడ్ల మీద ఎవరూ చనిపోని రోజు ఒక్కటీ లేదని టెక్స్‌డాట్ తనే చెబుతుంది. అది తెలిసీ, అలాంటి రోడ్డు ఇంకొంత పొడవు వేయడానికి పోటీపడి గ్రాంట్ అడగడం నాకు మింగుడుపడదు. కొత్త ప్రాజెక్టుల్లో నడకకీ సైకిళ్లకీ కలిపి ఒక బాట వేస్తున్నారు, మంచిదే. కానీ ర్యాంపు దగ్గర, షాపు గేట్ల దగ్గర ఆ బాట ఆగిపోతుంటే అది పెయింటుకి ఎక్కువ, రక్షణకి తక్కువ.

పొడిగింపు కావాలనేవాళ్ల వైపు ఉన్న బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. మధ్యలో తెగిన ఫ్రంటేజ్ రోడ్డు నిజంగా ఇబ్బందే. హైవే మీద యాక్సిడెంట్ అయి మెయిన్ లేన్లు మూస్తే కార్లన్నీ ఆ తెగిన చోట ఇరుక్కుంటాయి. అంబులెన్స్‌కి దారి ఉండదు. అర మైలు దూరానికి హైవే ఎక్కి దిగాల్సి వస్తుంది. తెగిన సర్వీస్ రోడ్డు ఏం చేస్తుందో ఇండియాలో మన జాతీయ రహదారుల మీద చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కొంత దూరం ఉంటుంది, వాగు దగ్గరో పెట్రోల్ బంకు దగ్గరో మాయమవుతుంది. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. బైకు మీద పాల క్యాన్లతో వెళ్లేవాడు రాంగ్ రూట్లో హైవే మీదకే వస్తాడు. తప్పు అతని ఒక్కడిదే అనను, దారి తెంచినవాళ్లదీ.

కాబట్టి తెగిన చోట దారి కావాలి. అది హైవేని ఆనుకునే ఉండాలా? మా ఊళ్లో వెనక పాత కౌంటీ రోడ్డు ఉందన్నాను కదా. దాన్ని బాగుచేసి, రెండు చివర్లా అడ్డరోడ్లకి కలిపితే అదే పని జరుగుతుంది. హైవేకి ఒక బ్లాకు లోపల, రెండు వైపులా నడిచే, గంటకి 30 మైళ్ల వీధి. హైవే మూసినప్పుడు కార్లు దాని మీదుగా వెళ్లగలవు, అంబులెన్స్ వెళ్లగలదు. షాపులు దానికి అటూ ఇటూ రెండు వైపులా రావచ్చు, ఫ్రంటేజ్ రోడ్డుకి ఒక వైపే వస్తాయి. ర్యాంపులు ఉండవు కాబట్టి నడిచే మనిషికి బతుకు మీద ఆశ ఉంటుంది. వీధి ఊరిదే అవుతుంది కాబట్టి చెట్లు ఎక్కడ నాటాలో, క్రాసింగ్ ఎక్కడ గీయాలో ఎవరినీ అడగక్కర్లేదు. లోపం కూడా చెప్పాలి. సిటీ సొంత వీధి కాబట్టి పైపొర ఖర్చు కూడా ఊరిదే. హైవే ట్రాఫిక్ మొత్తాన్ని అది మోయలేదు. అయినా ఏడాదిలో కొన్ని గంటలు హైవే మూస్తారని మిగతా రోజులన్నీ ప్రమాదకరంగా ఉండే రోడ్డు కట్టుకోవడం కంటే ఇది మేలు.

గ్రాంట్లు వద్దనడం లేదు. రోడ్డు ప్రమాదాలు తగ్గించే పనుల కోసమే 2021 చట్టం ఒక పథకం పెట్టింది, "సేఫ్ స్ట్రీట్స్ అండ్ రోడ్స్ ఫర్ ఆల్" అని. అదీ ఎనభై–ఇరవైయే. ముందు ఊరు ఒక భద్రతా ప్రణాళిక తయారుచేసుకోవాలి, ఆ ప్రణాళిక రాసుకోవడానికి కూడా డబ్బిస్తారు. కాలిబాటలు, సైకిల్ దారుల కోసం మా ప్రాంతీయ మండలి ద్వారా వచ్చే ఫెడరల్ నిధులు వేరే ఉన్నాయి. బ్రిడ్జి కింద ఆ రెండు సిగ్నళ్ల దగ్గర నడిచేవాళ్లకి సరైన క్రాసింగ్, దీపాలు, గడ్డి అంచున కాలిబాట అడగడానికి వీటికి దరఖాస్తు పెట్టవచ్చు. పని చిన్నది, అంచనా తప్పినా ఊరు మునిగిపోదు. ఇవి కూడా అదే గడువు కింద ఉన్నాయి కాబట్టి, తొందర పడాలనుకుంటే వీటి కోసం పడాలి.

మన తెలుగువాళ్లతో ఒక మాట. మన ఇళ్లలో చాలామంది హెచ్‌-1బీ మీద, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నవాళ్లు. ఓటు లేదు కదా, మనకెందుకు అనుకుంటాం. కానీ ఆస్తి పన్ను మనమూ కడుతున్నాం, అద్దెకున్నవాళ్లు అద్దెలో కడుతున్నారు. 2019లో టెక్సస్ చట్టం మార్చింది. కౌన్సిల్ ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, నిర్ణయం తీసుకునే ముందో తీసుకుంటున్నప్పుడో ప్రజలని మాట్లాడనివ్వాలి. మాట్లాడటానికి ఓటరు కార్డు అక్కర్లేదు. మైకు దగ్గర ఇంగ్లిష్ తడబడుతుందని భయపడేవాళ్లు కాగితం మీద రాసుకుని చదవచ్చు. గుడి పార్కింగ్ గురించి, క్రికెట్ గ్రౌండ్ గురించి మాట్లాడటానికి మనం గుంపుగా వెళ్లాం, మన మాట విన్నారు. ఈ గ్రాంట్ తీర్మానాలు మాత్రం సాధారణంగా కన్సెంట్ ఎజెండాలో, అంటే పది అంశాలు కలిపి ఒకే ఓటుతో పాస్ చేసే జాబితాలో పెడతారు. ఎవరూ అడగకపోతే చర్చే ఉండదు. కౌన్సిల్ సభ్యుల్లో ఒక్కరు అడిగినా దాన్ని ఆ జాబితాలోంచి బయటికి తీసి విడిగా చర్చిస్తారు. మీ సభ్యుడికి ముందే మెయిల్ రాస్తే అది జరిగే అవకాశం ఉంది.

నేను మాట్లాడబోయేది ఇది. టెండర్ ధర అంచనా దాటితే ఊరు గరిష్ఠంగా ఎంత పెడుతుందో ఆ అంకె తీర్మానంలోనే రాయండి, దానికి మించితే మళ్లీ ఓటుకి తీసుకురండి. ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చు, వస్తుందనుకుంటున్న పన్ను, రెండూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, పెట్రోల్‌నీ కార్లనీ తీసేసి లెక్క చూపించండి. కౌంటీ రోడ్డుని బాగుచేస్తే ఎంతవుతుందో ఇంజనీర్లతో అంచనా వేయించండి, ఇంతవరకు ఆ అంచనా ఎవరూ వేయించలేదు. బ్రిడ్జి కింద క్రాసింగ్ కోసం భద్రతా గ్రాంట్‌కి ఈ విడతలోనే దరఖాస్తు పెట్టండి. ఈ నాలుగూ చూశాక కూడా ఫ్రంటేజ్ రోడ్డే సరైనదని కౌన్సిల్‌కి అనిపిస్తే, ర్యాంపుల దగ్గర షాపు గేట్లు లేకుండా, కాలిబాట తెగకుండా వేయండి. మా అమ్మ వచ్చే వేసవిలో మళ్లీ వస్తోంది, ఈ రెండు దారుల్లో ఏదీ అప్పటికి పూర్తి కాదని తెలుసు. బ్రిడ్జి కింద నడిచేవాళ్ల సిగ్నల్ బటన్, నాలుగు దీపాలు మాత్రం అప్పటికి పెట్టగలరు. వాటికి గ్రాంట్ కూడా అక్కర్లేదు.